రెండోసారి రైలు చార్జీ

(సంస్థ వార్షిక సభలో, ఉపకార వేతనాల పంపిణీ సందర్భంగా భారత వాయుసేన విశ్రాంత హెలికాప్టర్ పైలట్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



కార్యదర్శి గారు నన్ను పిలుస్తూ, "పైలట్ ఎలా అయ్యారో చెప్పండి, పిల్లలకు ఉత్సాహం వస్తుంది" అన్నారు. చెబుతాను. కానీ ఈ మాటలు ముందు వరుసల్లో కూర్చున్న దాతల కోసం. పిల్లలు పక్కన ఉండి వింటే నాకు అభ్యంతరం లేదు.

వాయుసేన పైలట్ యూనిఫాం మీద ఎడమ వైపు, ఛాతీ మీద రెండు రెక్కల గుర్తు ఉంటుంది. దాన్ని 'వింగ్స్' అంటాం. అది కొంటే వచ్చేది కాదు, సిఫారసుతో వచ్చేది అంతకన్నా కాదు. హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో ఉన్న వాయుసేన అకాడమీలో, పరేడ్ మైదానంలో, శిక్షణ పూర్తి చేసిన కుర్రవాళ్లకు దాన్ని తొడుగుతారు. నాకూ అక్కడే తొడిగారు. అయితే నా రెక్కలు మొదలైంది దుండిగల్‌లో కాదు. గుంటూరులో, ఒక రైలు టిక్కెట్టు దగ్గర.

మా అబ్బా ఆర్టీసీ డిపోలో మెకానిక్. నేను బీఎస్సీలో లెక్కలు, ఫిజిక్స్ చదివాను. కాలేజీ నోటీసు బోర్డు మీద చూసి సీడీఎస్ పరీక్ష రాశాను, రాతపరీక్ష పాసయ్యాను. మైసూరులో ఇంటర్వ్యూకి పిలిచారు. సెలక్షన్ బోర్డు అంటే ఒక పూట వెళ్లి వచ్చే ఇంటర్వ్యూ కాదు. రోజుల తరబడి అక్కడే ఉంచుతారు. బొమ్మ చూపించి కథ రాయమంటారు. పది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక విషయం మీద మాట్లాడుకోమంటారు. చెక్కపలకలు, తాళ్లు ఇచ్చి, అందరూ కలిసి ఒక అడ్డంకి దాటమంటారు. ఆ పది మందిలో నేను నోరు విప్పలేదు. చెప్పాల్సింది తెలుసు. ఇంగ్లీషులో వాక్యం కూర్చుకునే లోపల పక్కవాడు చెప్పేసేవాడు. చివరి రోజు ఎంపికైన వాళ్ల నంబర్లు చదివారు. నా నంబరు లేదు.

ఇంటికొచ్చి నాలుగు రోజులు బయటికి రాలేదు. అమ్మీ ఏమీ అడగలేదు. అబ్బా మాత్రం, "మనలాంటి వాళ్లకి ఒక్కసారి దొరకడమే ఎక్కువ, డిపోలో అప్రెంటిస్‌కి పెట్టుకో" అన్నాడు. ఆయన తప్పుగా అన్నాడని నేను అనుకోవడం లేదు. ఇంట్లో నా తర్వాత ముగ్గురున్నారు.

మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి ఉండేవారు. ఊళ్లో అందరూ హాజీ గారు అనేవాళ్లు. ఆయన జీపు బాగోలేకపోతే ఆదివారాలు అబ్బా వెళ్లి చూసేవాడు. ఒక ఆదివారం పానాలు అందించడానికి నేనూ వెళ్లాను. హాజీ గారు అడిగారు.

"ఏం బేటా, మైసూరు వెళ్లావట?"

"పోయింది హాజీ గారూ."

"మళ్లీ వెళ్లనిస్తారా?"

"రాతపరీక్ష మళ్లీ రాసి పాసైతే పిలుస్తారు. కానీ మొదటిసారికే రైలు చార్జీ ఇస్తారు. రెండోసారికి ఇవ్వరు."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే నిన్ను ఆపుతున్నది రైలు చార్జీనా, భయమా?" అన్నారు.

నేను జవాబు చెప్పలేదు. రెండూ అని ఆయనకి అర్థమైంది. చార్జీ ఆయన ఇచ్చారు. అంతకన్నా ముఖ్యమైన పని ఇంకొకటి చేశారు. రిటైరైన ఒక ఇంగ్లీషు మాస్టారి దగ్గరికి రోజూ సాయంత్రం గంటసేపు వెళ్లమన్నారు. పాఠం లేదు, పుస్తకం లేదు. ఆ రోజు పేపర్లో వార్త గురించి ఇద్దరం ఇంగ్లీషులో వాదించుకోవాలి, అంతే. ఆరు నెలలు వాదించుకున్నాం. రెండోసారి మైసూరులో ఆ పది మందిలో నేను కూడా మాట్లాడాను. అల్‌హందులిల్లాహ్, నంబరు వచ్చింది.

ఇక శిక్షణ సంగతి. మా రోజుల్లో మొదటి దశ దీపక్ అనే విమానం మీద. పక్కపక్కన రెండు సీట్లు, రెండు వైపులా కంట్రోళ్లు. ఒక సీట్లో మీరు, ఇంకో సీట్లో ఇన్‌స్ట్రక్టర్. ఇప్పటి పిల్లలు పిలాటస్ అనే విమానంతో మొదలుపెడతారు, అందులో గురువు వెనక సీట్లో ఉంటాడు. తర్వాత దారులు చీలతాయి. యుద్ధ విమానాలకు వెళ్లేవాళ్లు జెట్ల మీదికి, చివరికి బీదర్‌లో హాక్ మీదికి వెళతారు. రవాణా విమానాల వాళ్లు బెంగళూరు పక్కన యలహంకకు, హెలికాప్టర్ల వాళ్లు హకీంపేటకు. నేను హకీంపేటలో చేతక్ నేర్చుకున్నాను.

తెల్లవారక ముందే లేపుతారు. వాతావరణం గురించి చెబుతారు. ఆ తర్వాత ఎవరినో ఒకరిని లేపి నిలబెట్టి, "విమానం ఇప్పుడే నేల వదిలింది, ఇంజన్ ఆగింది, ఏం చేస్తావు?" అంటారు. వెనక్కి తిప్పి రన్‌వే మీద దింపుతానంటే అయిపోయినట్టే. అంత తక్కువ ఎత్తులో తిప్పితే విమానం కూలుతుంది. ఎదురుగా దొరికిన చోట దిగాలి. ఇలాంటివి తడుముకోకుండా చెప్పాలి. కాక్‌పిట్‌లో ఏ స్విచ్చి ఎక్కడుందో కళ్లకు గంతలు కట్టినా చేయి పెట్టి చూపించాలి. మదర్సాలో హిఫ్జ్ చేసే పిల్లల్ని చూశారు కదా, దాదాపు అంత వల్లెవేత.

నాకు కష్టమంతా దిగడం దగ్గర వచ్చింది. పైకి లేవడం సులువు. దిగేటప్పుడు నేల దగ్గర పడుతుంటే ముక్కు మెల్లగా పైకెత్తి, వేగం తగ్గించి, చక్రాలు నేలకు ఆనించాలి. కొత్తవాడు చేసే తప్పు ఏమిటంటే, ముక్కు ముందున్న నేలనే చూస్తాడు. అలా చూస్తే ఎత్తు అంచనా దొరకదు. రన్‌వే చివరికంటా చూడాలి. నేను పది సార్లు దింపితే ఆరు సార్లు విమానం ధబ్బున పడేది. నాతో వచ్చినవాళ్లు ఒక్కొక్కరే సోలో, అంటే గురువు లేకుండా ఒంటరిగా ఎగరడం, పూర్తి చేస్తున్నారు. నేను మిగిలిపోతున్నాను. అక్కడ మిగిలిపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఇంకో అధికారి వచ్చి పరీక్ష చేస్తాడు. అప్పటికీ కుదరకపోతే ఫ్లయింగ్ నుంచి తీసేస్తారు.

మా గదిలో ఉన్న స్నేహితుణ్ని అలాగే తీసేశారు. ఆ రాత్రి అతని ట్రంకు పెట్టెకు చెరోవైపు పట్టుకుని మోసుకెళ్లాం. ఇద్దరం మాట్లాడుకోలేదు. అతను తర్వాత వాయుసేనలోనే వేరే శాఖలో చేరి మంచి అధికారి అయ్యాడు. అది ఆ రాత్రి మా ఇద్దరికీ తెలియదు.

మర్నాడు నేను మళ్లీ ఎగిరాను. రన్‌వేకి వస్తుంటేనే తెలిసింది, ఎత్తు ఎక్కువైంది, వేగం ఎక్కువైంది. అయినా ఎలాగోలా దింపేద్దామని కిందికి తోశాను. పక్కన ఇన్‌స్ట్రక్టర్ రెండు చేతులూ అప్పటిదాకా ఒళ్లోనే ఉన్నాయి. చివరి క్షణంలో ఆయన కంట్రోల్స్ తీసుకుని, పూర్తి పవర్ ఇచ్చి, విమానాన్ని పైకి లేపేశారు. దీన్ని 'గో అరౌండ్' అంటారు. దిగడం సరిగా కుదరకపోతే పైకి లేచి, మైదానం చుట్టూ ఇంకో చుట్టు తిరిగి, మళ్లీ మొదటి నుంచి రావడం.

కిందికి దిగాక ఆయన నన్ను తిట్టలేదు. ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "బాగా రాలేదని నీకు ముందే తెలుసు. ఇంకో చుట్టు ఎందుకు తిరగలేదు? నిన్ను ఎవరు వద్దన్నారు?"

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నన్ను ఎవరూ వద్దనలేదు. కానీ మా ఇంట్లో దేనికీ ఇంకో చుట్టు ఉండేది కాదు. తప్పితే ఫీజు మళ్లీ కట్టే స్తోమత లేదు కాబట్టి ఏదైనా మొదటిసారే కుదరాలి. కుదరకపోయినా కుదిరినట్టే తోసుకుపోవాలి. పేదవాడి పిల్లవాడు విమానంలో కూర్చున్నా ఆ అలవాటు వాడితోనే వచ్చి కూర్చుంటుంది. బయట అది మార్కులు పోగొడుతుంది. విమానంలో ప్రాణం తీస్తుంది.

అప్పుడు హాజీ గారి జీపు గుర్తొచ్చింది. రెండోసారి అనేది ఉంటుందని నాకు మొదట చూపించింది ఆయన.

మర్నాడు మొదటి సారి బాగా రాలేదు. నేనే పవర్ ఇచ్చి పైకి లేపాను. పక్క సీట్లోంచి మాట రాలేదు. రెండోసారి సరిగ్గా దిగింది. మూడోసారీ దిగింది. కొద్ది రోజుల తర్వాత ఒక ఉదయం, ఇంజన్ నడుస్తుండగానే ఇన్‌స్ట్రక్టర్ తన బెల్టులు విప్పుకుని కిందికి దిగారు. ఖాళీ సీటు బెల్టులు కంట్రోళ్లకు తగలకుండా జాగ్రత్తగా బిగించి కట్టారు. బొటనవేలు చూపించి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి వెళ్లిపోయారు. ఒక మనిషి బరువు తగ్గింది కదా, విమానం ఎప్పటికన్నా చురుగ్గా లేచింది. పైన పక్కకి చూస్తే ఖాళీ సీటు. నోట్లోంచి కలిమా దానంతటదే వచ్చింది. ఒక్క చుట్టు తిరిగి దిగాను.

దాతలకు ఇక్కడ ఒక మనవి. ఆయన మొదటి రోజే దిగిపోయి ఉంటే నేను బతికేవాణ్ని కాదు. ఎప్పటికీ దిగకపోతే పైలట్‌ని అయ్యేవాణ్ని కాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చోవడం, అవసరమైనప్పుడు పట్టుకోవడం, సమయం వచ్చినప్పుడు దిగి వెళ్లిపోవడం. సాయం అంటే ఈ మూడూనని నాకు అక్కడ తెలిసింది.

నన్ను మనవాళ్లు రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. మొదటిది, అక్కడ నమాజు, రోజా ఎలా కుదిరాయి అని. నమాజుకు ఎవరూ అడ్డు చెప్పలేదు. రోజా విషయం సూటిగా చెబుతాను. ఖాళీ కడుపుతో, దాహంతో ఫ్లయింగ్ ప్రమాదం. పక్కవాడి ప్రాణం కూడా మన చేతుల్లో ఉంటుంది. ప్రయాణంలో ఉన్నవాడికి, జబ్బు చేసినవాడికి తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకునే వెసులుబాటు ఖురాన్‌లోనే ఉంది. మా ఊరి ఆలిమ్ గారిని అడిగి, ఫ్లయింగ్ ఉన్న రోజుల ఖజా రోజాలు సెలవుల్లో ఉన్నాను.

రెండోది, "మనవాళ్లని తీసుకుంటారా?" అని. దానికి నేను వాదన చెప్పను, ఒక పేరు చెబుతాను. ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923లో హైదరాబాద్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు విమానాలు నడిపారు. దేశ విభజన నాడు ఈ దేశ వాయుసేననే ఎంచుకున్నారు. 1978 నుంచి 1981 దాకా ఆ వాయుసేనకే అధిపతిగా ఉన్నారు. 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. తలుపు మూసి ఉందని ఇంట్లో కూర్చుని చెప్పుకునే ముందు, మనం ఎంతమంది పిల్లల్ని ఆ తలుపు దాకా పంపామో లెక్క చూసుకుందాం.

పంపాలంటే ఏం కావాలి? నా అనుభవంలో నాలుగు సంగతులు.

మొదటిది కళ్లు. దూరపు చూపు మందగించిన పిల్లవాడికి పైలట్ దారి మూసుకుపోవచ్చు, రంగులు సరిగా తేడా తెలియకపోయినా అంతే. ఎనిమిదో తరగతిలోనే ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ కంటి పరీక్ష చేయించండి. అద్దాలు కావాల్సిన వాళ్లకు అప్పుడే అద్దాలు వస్తాయి. వాళ్లు ఇరవయ్యేళ్లు ఒక కల వెంట తిరిగి, వైద్య పరీక్ష గదిలో మొదటిసారి ఆ మాట వినే దుర్గతి తప్పుతుంది. పైలట్ కాకపోతే వాళ్లకి వేరే శాఖలున్నాయి.

రెండోది గ్రూపు. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ లేకపోతే ఫ్లయింగ్‌కి అర్హత లేదు. మన ఆడపిల్లల్ని అలవాటుగా బైపీసీకో సీఈసీకో పంపేస్తున్నాం. 2016 జూన్ 18న దుండిగల్ పరేడ్‌లో ముగ్గురు అమ్మాయిలు ఈ దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికి వచ్చారు. ఇప్పుడు ఇంటర్ తర్వాత వెళ్లే ఎన్‌డీఏ తలుపులు కూడా అమ్మాయిలకు తెరిచారు. ఆ పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. అకాడమీలో శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. పదో తరగతి అయ్యాక గ్రూపు ఎంచుకునే ఆ ఒక్క వారంలో, ఈ విషయం చెప్పే మనిషి ఇంట్లో ఉండాలి. లేకపోతే సంస్థ తరఫున ఒకరు వెళ్లాలి.

మూడోది మాట. ఇంగ్లీషు మీడియం ఫీజు కన్నా, రోజుకో గంట భయం లేకుండా మాట్లాడనిచ్చే ఒక మాస్టారు ఎక్కువ పని చేస్తారు. ఇంకో సంగతి తెలిసి ఉండాలి. పైలట్ ఎంపికలో ఒక యంత్ర పరీక్ష ఉంటుంది. చేతులూ కాళ్లూ కళ్లూ కలిసి పనిచేస్తున్నాయా అని చూస్తారు. మా రోజుల్లో అది జీవితంలో ఒక్కసారే. పోతే మళ్లీ ఉండేది కాదు. అందుకని పిల్లవాణ్ని జ్వరంతోనో, రాత్రంతా నిలబడి ప్రయాణం చేయించో పంపకండి. ఒక రోజు ముందే చేరేలా పంపండి. ఆ గదిఅద్దె మీరు ఇవ్వగలరు.

నాలుగోది రెండోసారి. ఇవాళ ఈ వేదిక మీద ఉపకార వేతనాలు తీసుకున్న వాళ్లందరూ ఫస్ట్ క్లాసు పిల్లలు. మాషా అల్లాహ్, సంతోషం. కానీ ఒకసారి వెళ్లి, పోగొట్టుకుని, ఇంట్లో తలుపేసుకుని కూర్చున్న పిల్లవాడి పేరు ఏ జాబితాలోనూ లేదు. ఆ పేరు మనకి తెలియదు, వాడు చెప్పుకోడు. వాడికోసం ఒక చిన్న పద్దు పెట్టండని అడగడానికే నేను ఇంత దూరం వచ్చాను. జకాత్ ఎవరికి చెందుతుందో దానికి షరతులున్నాయి, దాని లెక్క వేరుగానే ఉంచండి. ఇది లిల్లాహ్ సొమ్ములోంచి పెట్టండి. నా వంతు ఇవాళే కార్యదర్శి గారికి ఇచ్చాను. ఎంతో చెప్పను.

రెక్కలు తొడిగిన రోజున అబ్బా, అమ్మీ సికింద్రాబాద్ దాకా రైల్లో వచ్చారు. హాజీ గారిని రమ్మంటే, "అక్కడ నాకేం పని, మీ అమ్మానాన్నలు వెళ్లాలి" అన్నారు. సెలవులో వెళ్లి యూనిఫాంతోనే యార్డులో ఆయన్ని కలిశాను. మిర్చి ఘాటుకి ఇద్దరం దగ్గుతూనే ఉన్నాం. ఆయన వేలితో ఆ రెక్కలు తడిమి, "ఇంతేనా? ఇంత చిన్నదా?" అని నవ్వారు. తర్వాత, "ఈసారి టిక్కెట్టు నువ్వే కొనుక్కున్నావు కదా?" అన్నారు. ఆయన ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.

చాలా ఏళ్ల తర్వాత ఒక వరదలో, ఇంటి కప్పు మీద చిక్కుకున్న ఒక తల్లినీ బిడ్డనీ తీయడానికి హెలికాప్టర్ దింపుతున్నాను. దగ్గరికొచ్చాక కరెంటు తీగలు కనిపించాయి. పైకి లేపేశాను. మేం వెళ్లిపోతున్నామనుకుని ఆ తల్లి రెండు చేతులూ ఎత్తి అరవడం కనిపిస్తూనే ఉంది. చుట్టు తిరిగి, ఇంకో వైపు నుంచి వచ్చాం. ఇద్దరూ పైకి వచ్చారు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. దుండిగల్ అకాడమీకి 1967 అక్టోబర్ 11న పునాది రాయి వేసింది అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్ గారు. ఆయన కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే. జీవితమంతా పిల్లల చదువుకే ఇచ్చిన మనిషి. 1969లో ఆయన కన్నుమూశారు. అకాడమీ 1971లో మొదలైంది. అక్కడ ఒక్క కుర్రవాడు రెక్కలు తొడుక్కోవడం కూడా ఆయన చూడలేదు. సదఖా జారియా అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ రాయి గుర్తొస్తుంది. మీరు ఇచ్చే టిక్కెట్టు డబ్బుతో ఏ పిల్ల ఎంత దూరం వెళుతుందో మీరు చూడకపోవచ్చు. ఇవ్వండి.